నీళ్లు చిమ్మని సింహం

సెంబవాంగ్, సింగపూర్
7 ఆగస్టు 2000

అఖ్తర్‌కు,

నేను క్షేమం. నీ మోకాలి నొప్పి ఎలా ఉందో మరచిపోకుండా రాయి. ఇక అసలు సంగతికి వస్తాను. నిన్నటి నుంచి నా ఒళ్లు మండిపోతోంది, ఎవరితోనైనా చెప్పుకోకపోతే తగ్గేలా లేదు.

నేను వచ్చి నెల దాటాక, మొత్తానికి నిన్న మావాళ్లు నాకు ఈ దేశ రాజధాని చూపించారు. ఇక్కడ దేశమూ రాజధానీ ఒకటే. అంచేత చూపించడం తేలికే అనుకున్నాను. బయల్దేరే ముందు గ్రంథాలయం నుంచి పుస్తకం తెప్పించుకుని చదివాను. ఏ భవనం ఎవరు కట్టారు, ఎందుకు కట్టారు, దాని ముందు ఏం జరిగింది, అన్నీ వరసగా గుర్తుపెట్టుకున్నాను. ఉద్యోగమంతా చరిత్ర పాఠాలు చెప్పినదాన్ని, ఏమీ తెలియకుండా ఒక కట్టడం ముందు నిలబడటం నాకు చేతకాదు.

మా అల్లుడు భరద్వాజ్‌కు ఆ బాధ లేదు. కంప్యూటర్ల ఉద్యోగం కదా, ఏదైనా తొందరగా ముగిసిపోవాలి. "అత్తయ్యా, మీరిక్కడ నిలబడండి. గీతా, నువ్వు పక్కన. కొండమ్మా, నొక్కు! అయిపోయింది, పదండి." సిటీ హాలు ముందు ఇంతే, పెద్ద కోర్టు ముందు ఇంతే. యుద్ధం ఓడిపోయిన జపాను సేనాపతులు సంతకాలు పెట్టింది ఆ సిటీ హాల్లోనే. ఆ మెట్ల మీద కాసేపు నిలబడదామంటే నా మనవరాలు రాధ, "అమ్మమ్మా, ఫాస్ట్ లా! వెరీ హాట్ లా!" అని, ఇక్కడివాళ్లలాగే ప్రతి మాట చివరా ఒక 'లా' తగిలిస్తూ, కొంగు పట్టి లాగుతుంది. ఆరేళ్ల పిల్లకు నేనేం చెప్పను?

నది ఒడ్డున తెల్లటి విగ్రహం ఒకటుంది, చేతులు కట్టుకుని నిలబడ్డ దొరది. ఆయన ఇక్కడ పడవ దిగాడట, అందువల్ల పల్లె కాస్తా మహానగరమైపోయిందట. కింద పలక మీద అలాగే చెక్కారు. దిగిన రోజున ఒడ్డున నిలబడి చూసినవాళ్లు మనుషులు కారా? వాళ్ల ఊరు వాళ్లకు లేదా? ఈ మాట పైకి అంటే భరద్వాజ్ నవ్వి, "అత్తయ్యా, ఇక్కడ ఫొటో చాలా బాగా వస్తుంది" అన్నాడు.

చివరికి సింహం దగ్గరికి తీసుకెళ్లారు. మన ఊళ్లో క్యాలెండర్ల మీద చూస్తాం కదా, సింహం తల, చేప తోక, నోట్లోంచి ధారగా నీళ్లు. ఇప్పుడు ఆ నీళ్లు లేవు. పంపు పాడై రెండేళ్లయిందట. దాని ఎదుటే పెద్ద వంతెన కట్టేశారు. సముద్రాన్ని చూడవలసిన సింహం వంతెన అంచులను చూస్తూ, ఎండిపోయిన నోరు తెరుచుకుని నిలబడింది. ఇంత శుభ్రమైన ఊళ్లో, ఇంత డబ్బున్న ఊళ్లో, ఒక పంపు బాగు చేయించలేకపోయారు!

కూతురు కొండమ్మ క్షేమంగా ఉందని మన రాములమ్మతో చెప్పు. మాతోపాటే వచ్చింది, గీత చంటివాడిని ఎత్తుకుని. రెండేళ్ల నుంచి గీత ఇంట్లో పనిచేస్తున్న పిల్ల, నెల కిందట వచ్చిన నేను, ఇద్దరం ఆ సింహాన్ని చూడటం నిన్ననే మొదటిసారి. అదేమిటే అని గీతను అడిగితే, "తను ఎప్పుడూ అడగలేదమ్మా" అంది. రెండేళ్లు నిండగానే ఇంటికి పంపుతానన్నావు కదా అంటే, "తనే వెళ్లనంది, ఇంకో ఏడాది ఉంటానంది" అని చెప్పింది.

ఉంటాను,
తారాదేవి


నరసాపురం
26 ఆగస్టు 2000

తారాదేవి అక్కకు,

మీ అఖ్తర్ సలాములు. మీ ఉత్తరం చదువుతుంటే స్టాఫ్ రూములో మీరు ఇన్‌స్పెక్టర్‌ను నిలబెట్టి కడిగిన రోజు గుర్తొచ్చింది. ఆ దొర విగ్రహం రాతిది కాబట్టి సరిపోయింది, ప్రాణముంటే పారిపోయేవాడు. నా మోకాలు అలాగే ఉంది. డాక్టరు నడవమంటాడు, మోకాలు వద్దంటుంది.

అక్కా, ఒక సంగతి రాయాలి. ఎలా రాయాలో తెలియక రెండు రోజులు ఆగాను.

రాములమ్మ వచ్చింది. మన బడిలో ఆయాగా చేసినన్నాళ్లూ ఆమె మన ఎదుట గట్టిగా మాట్లాడి ఎరుగదు. మొన్న మా వరండాలో కూర్చుని గట్టిగానే మాట్లాడింది. వాళ్ల పేటలో ఒకావిడ కూతురిని ఏజెంటు దుబాయ్ అని చెప్పి తీసుకెళ్లాడు. మస్కట్లో దింపాడట, ఎనిమిది నెలలుగా జాడ లేదు. అప్పటి నుంచి పేటంతా రాములమ్మను పట్టుకున్నారు. నీ కూతురు మాత్రం సింగపూర్‌లో ఉందని ఎవరు చూశారు, అని.

నెలకోసారి ఫోను వస్తుంది కదా రాములమ్మా, అన్నాను.

"గొంతు ఏ దేశం నుంచైనా వత్తాదండి టీచరమ్మగారూ. 'బాగున్నానమ్మా, వత్తానమ్మా' అంటాదండి. ఇంకో ముక్క అడిగితే ఫోను ఇచ్చేత్తాదండి, పక్కన ఎవరో ఉన్నట్టు."

తారాదేవి టీచరుగారు స్వయంగా అక్కడే ఉన్నారు కదా, అన్నాను. తల వంచుకుంది. ఆమె అనలేదుగానీ, వెంట వచ్చిన చెల్లెలు అంది: "ఆవిడ కూతురి సంగతి ఆవిడెందుకు బయట పెడతారండీ?"

అక్కా, ఈ మాట మీకు రాయకుండా దాచవచ్చు. కాని రేపు ఇంకెవరో చెబితే మీరు నన్ను క్షమించరు. కొండమ్మ పారిపోయిందనీ, జబ్బు చేసి పోయిందనీ, మీరు మీ అమ్మాయి పరువు కాపాడటానికి అంతా బాగుందని రాస్తున్నారనీ అనుకుంటున్నారు.

రాములమ్మ ఒకటే అడిగింది. ఒక్క ఫొటో. గదిలో తీసింది కాదు. చూడగానే ఎవరైనా సింగపూర్ అనాలి, అలాంటి చోట నిలబెట్టి తీసినది. రెండేళ్లలో ఆమెకు కూతురి బొమ్మ ఒక్కటి కూడా రాలేదట.

మీ చెల్లెలు,
అఖ్తర్


సెంబవాంగ్
17 సెప్టెంబరు 2000

అఖ్తర్,

నీ ఉత్తరం చదివి ఆ పూట అన్నం తినలేదు. నా మాట నమ్మరా? నరసాపురంలో నా మాట నమ్మరా? రాములమ్మ చెల్లెలి కూతురిని పరీక్షకు కూర్చోబెట్టింది నేను. సరే, దాని సంగతి తరువాత.

ముందు ఫొటోల ఆల్బం తీయించాను. ఆ ఆదివారం రెండు రీళ్లు తీశారు. డెబ్భై రెండు ఫొటోలు. ఒక్కొక్కటే చూశాను, మళ్లీ మొదటి నుంచి చూశాను. ఒక్కదానిలో కూడా కొండమ్మ లేదు. ఎలా ఉంటుంది? ఎక్కువ ఫొటోలు తీసింది అదే. చంటివాడు మా ఒళ్లోకి వస్తే కెమెరా దాని చేతికి, కెమెరా భరద్వాజ్ తీసుకుంటే చంటివాడు దాని చేతికి. అప్పుడు "కొంచెం పక్కకు జరుగు కొండమ్మా, బాబు మొహం కనబడాలి" అంటారు. సిటీ హాలు ముందు పచ్చిక మీద తీసిన ఒక ఫొటోలో మాత్రం మా కాళ్ల దగ్గర ఒక నీడ పడింది, మోచేతులు రెండూ పైకెత్తి. అదే కొండమ్మ. అది పంపమంటావా రాములమ్మకు?

గీతను పిలిచి ఆల్బం ముందు పెట్టాను.

"రెండేళ్ల నుంచి నీ ఇంట్లో ఉంది. నీ పిల్లల్ని పెంచుతోంది. దాని ఫొటో ఒక్కటి చూపించు."

"అమ్మా, నువ్వు ప్రతిదీ పెద్దది చేస్తావు. తీయాలనుకోలేదు, అంతే."

"అదే నేనూ అంటున్నాను. అనుకోలేదు!"

వీళ్ల పద్ధతులు ఇక్కడికి వచ్చాకే చూస్తున్నాను. తిండి దుకాణాలన్నీ ఒక చోట ఉండే హాలుకు వెళితే, ముందు బల్ల పట్టుకోవాలి. దాన్ని ఇక్కడ చోప్ చేయడం అంటారు. మిగతావాళ్లు చేతిరుమాలో కాగితం పొట్లమో పెట్టి బల్ల పట్టుకుంటారు. మావాళ్లు కొండమ్మను పెడతారు. అందరం తిండి తెచ్చుకునే దాకా అది ఒక్కతే అక్కడ కూర్చుంటుంది. రెండేళ్లలో అది ఈ ఊళ్లో చూసినవి బల్లలే.

నిన్న పట్టుబట్టి మళ్లీ సింహం దగ్గరికి అందరినీ లాక్కెళ్లాను. గీతకు అప్పటికి కొంత సిగ్గు వేసినట్టుంది. "రాములమ్మ చూసి సంతోషపడాలి" అని తన నీలం పట్టుచీర కట్టించి, తన గొలుసు వేసింది. నేను కాదనలేదు. కొండమ్మను సింహం ముందు నిలబెట్టాం. చంటివాడు లేడు, సంచీ లేదు, కెమెరా లేదు. కాసేపు అటూ ఇటూ చూసి నన్ను అడిగింది: "చేతులెక్కడ పెట్టుకోవాలండీ అమ్మగారూ?"

 కట్టుకోమన్నాను.

ఆ ఫొటో దీనితో పంపుతున్నాను. పేట మొత్తానికి చూపించు. ముఖ్యంగా ఆ చెల్లెలికి.

తారాదేవి


నరసాపురం
9 అక్టోబరు 2000

అక్కా,

మీరు కూర్చుని చదవండి.

ఫొటో అందిన రోజే నేను స్వయంగా తీసుకెళ్లాను. రాములమ్మ లేసు అల్లుతూ అరుగు మీద కూర్చుంది. చేయి తుడుచుకుని తీసుకుంది. చాలాసేపు చూసింది. కళ్లకు అద్దుకుంది. నేను హమ్మయ్య అనుకున్నాను.

ఈలోపు పేటంతా పోగైంది. ఫొటో చేతులు మారింది. బస్టాండు పక్క స్టూడియో అతను కూడా ఎవరి పెళ్లికో వచ్చి అక్కడే ఉన్నాడు. ఆయన స్టూడియో గోడ మీద మూడు తెరలున్నాయి, తాజ్‌మహల్ ఒకటి, మంచుకొండలు ఒకటి, సింగపూర్ సింహం ఒకటి. ఫొటో చూసి పెదవి విరిచాడు.

"ఇది సింగపూర్ కాదండి."

"నీకెలా తెలుసు?" అన్నాను.

"ఆయ్, రోజూ దాని ముందే కదండీ జనాన్ని నిలబెడతాను. అసలు సింహం నోట్లోంచి నీళ్లు పడాలండి, జలపాతంలా. దీని నోరు ఎండిపోయిందండి. ఎక్కడో సిమెంటుతో పోయించిన బొమ్మండి ఇది."

పంపు పాడైందయ్యా అని చెప్పాను. నవ్వారు అక్కా. "సింగపూర్‌లో పంపు పాడవడమేంటండీ, అదేవన్నా మన మున్సిపాలిటీయా?" అన్నాడు ఒకడు. అందరూ నవ్వారు. నీళ్లు పడే సింహాన్ని తెర మీద బొమ్మ వేయించి పెట్టుకున్నవాడి మాట చెల్లింది. నిజం సింహం ముందు తీసిన ఫొటో అబద్ధమైపోయింది.

వాళ్ల నవ్వు సంగతి సరే. రాములమ్మ అన్న మాట వేరు. అందరూ వెళ్లాక నన్ను అడిగింది: "ఈ చీర ఎవరిదండి? మా పిల్లకి పట్టుచీర లేదండి. ఇలా చేతులు కట్టుకుని నిలబడదండి అది, ఏదో ఒకటి పట్టుకునే ఉంటాది. ఎవరో ముస్తాబు చేసి నిలబెట్టారండి." ఆ తరువాత, "బతికే ఉందాండి?" అంది.

పోలీసు స్టేషనుకు వెళతానంటోంది. కలెక్టరుకు అర్జీ పెట్టమని ఎవరో చెప్పారట. అర్జీ రాసిపెట్టమని నన్నే అడిగింది. రెండు రోజుల నుంచి అల్లిక ముట్టలేదు.

అక్కా, పెద్దవారు, కోప్పడితే కోప్పడండి. ఫొటోతో ఇది తేలదు. రెండేళ్లు నిండగానే నెల రోజులు ఇంటికి పంపే బాధ్యత నాది అని మీరు రాములమ్మకు మాటిచ్చారు. మా వరండాలోనే, నా ఎదురుగా. ఆ మాట మీదే ఆమె ఏజెంటును కాదని మీ ఇంటికి పంపింది. జూన్ వెళ్లిపోయింది. కొండమ్మే వెళ్లనందని మీ అమ్మాయి చెప్పిందని రాశారు. కొండమ్మ మీతో చెప్పిందా? మీరు అడిగారా?

అఖ్తర్


సెంబవాంగ్
6 నవంబరు 2000

అఖ్తర్,

స్టూడియో తెర నమ్మి, నేను పంపిన ఫొటోను అబద్ధమన్న వాడి మీద నాలుగు పేజీలు రాసి చింపేశాను. వాడి మీద అంత కోపం దండగ. కొండమ్మ దగ్గరికి వస్తాను.

అడగలేదు. నువ్వు రాశాకే అడిగాను. ఇంట్లో అడిగితే లాభం లేదని, నిన్న ఆదివారం దాన్ని నాతో తీసుకెళ్లాను. గీత అనుమతి అడగలేదు, వెళ్తున్నామని చెప్పాను. "బాబునెవరు చూస్తారు?" అంది. "కన్నావు కదా, చూడు" అన్నాను.

సెంబవాంగ్‌లో రైలెక్కితే తిన్నగా సిటీ హాలు స్టేషన్‌కే. కొండమ్మ దారి పొడవునా తలుపు దగ్గర నిలబడే వచ్చింది, సీటు ఖాళీగా ఉన్నా. చెయ్యి పట్టి కూర్చోబెట్టాను. దిగాక యుద్ధంలో చనిపోయిన జనం కోసం కట్టిన ఎత్తయిన నాలుగు స్తంభాలు చూపించాను. జపానువాళ్లు ఈ ఊరిని ఆక్రమించినప్పుడు చంపిన మామూలు మనుషులకు కట్టిన గుర్తు అని చెప్పాను. తల ఎత్తి చూసింది. "ఈల్ల పేర్లున్నాయాండీ?" అంది. ఇక్కడ లేవన్నాను. ఇక ఆ స్తంభాల వంక చూడలేదు.

ఇవతల పార్కులో చెట్ల కింద ఆడవాళ్లు గుంపులుగా కూర్చుని ఉన్నారు. ఫిలిప్పీన్స్‌వాళ్లు, ఇండోనేషియావాళ్లు. చాపలు పరుచుకుని తింటున్నారు, ఒకరి జడ ఒకరు అల్లుతున్నారు, ఒకామె గట్టిగా పాడుతోంది. కొండమ్మ అక్కడే ఆగిపోయింది.

"ఈల్లందరూ ఎవరండీ?"

"నీలాగే ఇళ్లలో పనిచేసేవాళ్లు. ఆదివారం సెలవు."

"మరి ఈల్లు చేసే ఇళ్లల్లో పిల్లలు లేరాండీ?"

పిల్లలు లేని ఇళ్లలోనే సెలవులుంటాయని అనుకుంటోంది అఖ్తర్. దానికి ఎవరో అలా చెప్పి ఉండాలి కదా. ఎవరు చెప్పి ఉంటారో నేను వేరే రాయక్కర్లేదు.

అక్కడే, ఆ పచ్చిక మీదే కూర్చోబెట్టి అడిగాను. ఇంటికి వెళ్లనన్నావా? నా మొహం చూసి భయపడింది. కాసేపు గడ్డి పీకింది.

"నేనెందుకంటానండీ. జూన్లో పంపుతాననుకున్నానండి. బాబుకి ఆరు నెలలు నిండాక అన్నారు గీతమ్మగారు. తరవాత మొదటి పుట్టినరోజు అయ్యాక అన్నారు. పాస్‌పోర్టు ఆరి చీరల బీరువాలో ఉందండి. అమ్మకి ఫోనులో చెబుదామంటే ఆరు పక్కనే ఉంటారండి. ఏడిస్తే అమ్మ బెంగపెట్టుకుంటాదని 'వత్తాను, వత్తాను' అంటున్నానండి."

ఇంటికి వచ్చాక నీ ఉత్తరం తీసి, గీతకూ భరద్వాజ్‌కూ పైకి చదివాను. ఒక్క అక్షరం వదలకుండా. 'బతికే ఉందాండి' అన్న చోట ఆగి మళ్లీ చదివాను.

గీత ముందు కోపగించుకుంది. "నీకు ఇక్కడి సంగతులు తెలియవమ్మా. పనమ్మాయి పారిపోతే ప్రభుత్వానికి పూచీ సొమ్ము మేం కట్టాలి. ఆదివారాలు బయటికి పంపితే స్నేహాలవుతాయి, తరవాత పోలీసుల చుట్టూ తిరగాలి. పక్క బ్లాకులో అదే జరిగింది. ఇంటికి పంపితే తిరిగి రాదు. నా ప్రాజెక్టు జనవరిలో ఉంది. అప్పుడు నా ఉద్యోగం?"

"అంటే నీ ఉద్యోగం నిలబడటానికి ఆ పిల్ల కదలకుండా నిలబడాలి."

భరద్వాజ్ మెల్లగా అన్నాడు, "అత్తయ్యా, ఇక్కడ అందరూ ఇంతే."

"అందరూ ఇంతే అన్న పిల్లను నేను బెంచీ ఎక్కించేదాన్ని భరద్వాజ్‌గారూ."

"నేనేమన్నా దాన్ని కొట్టానా అమ్మా? తిండి పెట్టలేదా? జీతం ఆపానా?" అని ఏడ్చింది గీత.

"నాతో అబద్ధం చెప్పావు. నేను ఆ అబద్ధాన్ని నా చేతిరాతతో నరసాపురానికి పంపాను. చిన్నప్పుడు బడిలో జ్వరం వస్తే నిన్ను ఒళ్లో వేసుకుని కూర్చున్నది ఆ రాములమ్మే. ఇప్పుడు ఆవిడ తన కూతురు బతికుందో లేదో అని ఊళ్లో వాళ్లను అడుగుతోంది. రేపు పొద్దున్న ఈ పనివాళ్ల వ్యవహారాలు చూసే ప్రభుత్వ ఆఫీసుకు నేనూ కొండమ్మా వెళ్తాం. రైలెక్కడం నేర్చుకున్నాను. ఇంగ్లీషు నాకు వచ్చు."

కొండమ్మ వంటింటి గుమ్మం దాకా వచ్చింది. "వద్దండి అమ్మగారూ, నా గురించి గొడవొద్దండి" అంటోంది. నోరు ముయ్యమన్నాను దాన్ని కూడా. ఆ తరవాత అలా అన్నందుకు బాధపడ్డాను. కాని అప్పుడు మాత్రం అన్నాను.

గీత లోపలికి వెళ్లి బీరువా తెరిచి, పాస్‌పోర్టు తెచ్చి బల్ల మీద పడేసింది. "నువ్వు డిసెంబరులో వెళ్లిపోతావు. నన్నేం చేయమంటావు?"

నేను వెళ్లనన్నాను. కొండమ్మ తిరిగి వచ్చినా, రాకపోయినా, గీత వేరే ఏర్పాటు చేసుకునే దాకా పిల్లల్ని నేను చూస్తాను. రాములమ్మను అర్జీ రాయించవద్దని అడగకు. రాయించుకోనీ. ఆమెకు ఆ హక్కుంది. టిక్కెట్టు దొరకగానే తేదీ రాస్తాను.

తారాదేవి


సెంబవాంగ్
12 డిసెంబరు 2000

అఖ్తర్,

తేదీ ఫోనులో చెప్పాను కదా. మొన్న ఆదివారం కొండమ్మను విమానం ఎక్కించాం. మద్రాసు దాకా తోడుగా ఇక్కడి తెలుగు కుటుంబం ఒకటి ఉంది. అక్కడి నుంచి రైలుకు పదహారునే టిక్కెట్టు దొరికింది, అందాకా వాళ్ల దగ్గరే ఉంటుంది. పాస్‌పోర్టు దాని చేతికే ఇచ్చాను. పట్టుకోవడం తెలియక కాసేపు సంచిలో, కాసేపు జాకెట్లో పెట్టుకుంది. ఎయిర్‌పోర్టులో రాధ నేల మీద కూర్చుని, "కొండక్కా, నో గో లా!" అని ఏడ్చింది.  చివరికి గీత వెళ్లి కొండమ్మ చేతిలో ఒక డబ్బా పెట్టింది. "మీ అమ్మకు" అంది. 

నేను ఇల్లు చేపట్టాను. సీసాలు కడగడం, పాలు కలపడం, ఉతుకు, వంట, రాధ బడి, మళ్లీ సీసాలు. రెండు రోజులకే నడుము పట్టేసింది. నిన్నటికి నిన్న భరద్వాజ్ ఆదివారం మ్యూజియంకు వెళ్దాం రండి అత్తయ్యా అన్నాడు. చంటివాడిని మీరు ఎత్తుకుంటానంటే వస్తానన్నాను. హాస్యమాడాననుకున్నాడు. నేను నవ్వలేదు.

ఇప్పుడు నీ మీద ఒక పని వేస్తున్నాను, అందుకే దీన్ని కొరియర్‌లో పంపుతున్నాను. కొండమ్మ తిరిగి ఎప్పుడు వస్తుందో గీతకు తెలియాలట. జనవరి మొదటి వారంలో వస్తే ఆదివారాలు సెలవు రాసిస్తానంటోంది, కాగితం మీద. రాసిస్తుంది, నేనే దగ్గర కూర్చుని రాయిస్తాను. కాని కొండమ్మను ఈ మాట అడగడానికి నాకు మొహం లేదు. మళ్లీ నేను మాటిచ్చి పిలిపించుకోలేను. నువ్వు వెళ్లి అడుగు. అది ఏం చెబితే అదే రాయి, నా కోసం మెత్తబరచకు.

తారాదేవి


నరసాపురం
20 డిసెంబరు 2000

అక్కా,

కొండమ్మ చేరింది.

భీమవరం స్టేషన్‌కు నేనూ రాములమ్మా వెళ్లాం. నా మోకాలు వద్దంది, నేను వినలేదు. బండి ఆగింది. కొండమ్మ సంచీ పట్టుకుని దిగి మమ్మల్ని చూసింది. రాములమ్మ పరుగెత్తుతుందనుకున్నాను. కదల్లేదు. కూతురే వచ్చి ఎదురుగా నిలబడింది. అప్పుడు రాములమ్మ దాని చెయ్యి తీసుకుని అరచెయ్యి తిప్పి చూసింది. సబ్బు నీళ్లకు చర్మం పొలుసులు పొలుసులుగా లేచి ఉంది. తన బొటనవేలితో దాని మీద రాసింది, ఒకసారి, రెండుసార్లు. ఆ తరువాత మణికట్టు పట్టుకుంది. ఇక వదల్లేదు. బస్సులో కండక్టరు, "అమ్మా, చెయ్యొదిలితే టిక్కెట్టు తీసుకోవచ్చు కదా" అన్నాడు. "ఆవిడిత్తారండి" అని నన్ను చూపించింది.

పేటలో జనం పోగయ్యారు. కొండమ్మ చెల్లెమ్మా, కొండమ్మ వదినా అని ఒకటే పిలుపులు. స్టూడియో అతను కూడా వచ్చి, నిజంగా నీళ్లు పడవా అని అడిగాడు. "పంపు పాడైందండి" అంది. అతను నమ్మినట్టు లేడు అక్కా. రాములమ్మ చెల్లెలు మాత్రం నా దగ్గరికి వచ్చి, తారాదేవి టీచరుగారిని తప్పుగా అన్నాను, రాసి పెట్టండి అంది. రాశాను.

ఇక మీరు వేసిన పని. ఆ రోజు అడగడం బాగుండదని ఆగాను. మర్నాడు పొద్దున్నే వెళ్లాను. కొండమ్మ పడుకుని ఉంది. సాయంత్రం మళ్లీ వెళ్లాను. మధ్యాహ్నం లేచి అన్నం తిని మళ్లీ పడుకుందట. నిన్న పది గంటలకు వెళ్లాను. పడుకునే ఉంది. ఒంట్లో బాగాలేదా అని అడిగాను.

"బాగానే ఉందండి. పడుకుందండి" అంది రాములమ్మ. గుమ్మానికి అడ్డంగా పీట వేసుకుని, చేతిలో అల్లికతో కూర్చుంది.

సంగతి మెల్లగా చెప్పాను. గీత ఆదివారాలు సెలవిస్తానందని, కాగితం మీద రాసిస్తుందని, జనవరి మొదటి వారంలోగా తెలియాలని. అంతా విన్నది. సూది ఆపలేదు.

"దాన్నే అడగాలండి. దాని ఇష్టమండి. ఎల్తానంటే పంపుతానండి, ఎల్లనంటే మానేత్తానండి."

"అయితే ఒక్కసారి లేపు రాములమ్మా. అడిగి వెళ్లిపోతాను."

తలెత్తి నా వైపు చూసింది. అక్కా, అన్నేళ్లు మన బడిలో గంట కొట్టిన మనిషి, మనం రమ్మంటే వచ్చి, పొమ్మంటే పోయిన మనిషి.

"లేపనండి" అంది. "దానంతట అది లేచాక రండి."

ఎప్పుడు లేస్తుందో చెప్పలేదు. నేనూ అడగలేదు. అరుగు మీద కూర్చోబెట్టి టీ ఇచ్చింది. తాగి వచ్చేశాను. గీతకు ఏం చెబుతారో మీరు చూసుకోండి.

మీ
అఖ్తర్